వీసాకు ముందే మొదలయ్యే అప్పు

ఈమధ్య పాకాల వైపు నుంచి ఒక మామిడి రైతు మా ఆఫీసుకు వచ్చారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచారు. కూతుర్ని ఎమ్మెస్సీకి ఇంగ్లండ్ పంపడానికి తిరుపతిలోని ఒక కన్సల్టెన్సీ రాసిచ్చిన అంచనా అది. యూనివర్సిటీ ఫీజు ఇంత, ఏడాదికి గది అద్దె, తిండి ఇంత, విమానం టికెట్ ఇంత అని వరసగా ఉన్నాయి. అన్నిటికీ అడుగున 'వీసా, ఇతరాలు' అని రాసి పక్కన 50 వేలు వేశారు. ఆ 50 వేలు తీరా కట్టే రోజుకు రెండు లక్షలైంది. మిగతా లక్షన్నర కోసం ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాశానని ఆయన చెప్పారు. అప్పు చేసినందుకు ఆయనకు పెద్ద బాధ లేదు, పిల్ల చదువు కదా. ముందే చెప్పి ఉంటే కిందటి సీజన్ డబ్బుల్లోంచి కొంత పక్కన పెట్టుకునేవాణ్ణి అన్నదే ఆయన కోపం. ఆ కోపం న్యాయమైనదే.

ఆ రెండు లక్షలు ఎక్కడివో మేమూ లెక్క వేసి చూశాం. బ్రిటన్ స్టూడెంట్ వీసా దరఖాస్తు ఫీజు 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లు అయింది. ఏప్రిల్ వచ్చిందంటే పెరిగే అలవాటు దానికి ఉంది కాబట్టి, కట్టే రోజున మళ్లీ చూసుకోవాల్సిందే. దానికి తోడు 'ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్' అని, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందుగానే కట్టించుకునే సొమ్ము ఒకటుంది. విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. 2024 ఫిబ్రవరికి ముందు ఇది 470 ఉండేది. కోర్సు ఏడాదే కాబట్టి ఒక ఏడాదికి కడితే చాలని ఇంట్లో అనుకుంటారు. చదువు అయ్యాక ఇచ్చే నాలుగు నెలలు కూడా వీసాలో కలుస్తాయని, ఆ నాలుగు నెలలకు సగం ఏడాది సర్‌చార్జ్ పడుతుందని తెలిసేది కంప్యూటర్ తెర మీద అంకె వచ్చాకే. అలా సర్‌చార్జ్ 1,164 పౌండ్లు అవుతుంది. వీసా ఫీజుతో కలిపితే 1,688. పౌండుకు 115 రూపాయలే వేసుకున్నా లక్షా 94 వేలు. టీబీ పరీక్ష, దాని కోసం తిరిగే చార్జీలు వేరే. ఇందులో రహస్యం ఏమీ లేదు, అంతా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నదే. రోజూ ఇదే పనిలో ఉండే కన్సల్టెన్సీకి ఇది తెలియదనుకోవాలా?

వీసా దశలో మూడు రకాల డబ్బు కావాలి. కట్టాక ఇక మనది కాని డబ్బు ఒకటి. ఖాతాలో ఉందని చూపించాల్సిన డబ్బు ఒకటి. ముందు కట్టినా తర్వాత పిల్లల చేతికే వచ్చే డబ్బు ఇంకొకటి. ఈ మూడూ ఒకే గీత కింద 'ఇతరాలు'గా కలిసిపోవడం వల్లే ఇళ్లలో లెక్క తప్పుతోంది. జర్మనీకి వెళ్లేవారు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలంటే గుండె ఆగినంత పనవుతుంది. కానీ అది నెలకు 992 చొప్పున విద్యార్థికే తిరిగొస్తుంది, ఇంటి నుంచి పంపాల్సిన నెల ఖర్చు అదే. కెనడాకైతే, క్యూబెక్ తప్పించి, ట్యూషన్, ప్రయాణం కాక 22,895 కెనడా డాలర్లు చూపించాలని 2025 సెప్టెంబరు నుంచి నిబంధన. 2023 దాకా ఇది 10,000 మాత్రమే. చాలామంది దీన్ని జీఐసీ అనే డిపాజిట్‌గా అక్కడి బ్యాంకులో వేస్తారు, వెళ్లాక విడతల వారీగా చేతికి వస్తుంది. అదే ఆస్ట్రేలియా వీసాకు కట్టే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు మాత్రం వీసా వచ్చినా పోయినా తిరిగి రావు. 2024 జూన్ దాకా 710 డాలర్లున్న ఫీజు అది. ఏడాది తిరిగేసరికి మూడింతలకు దగ్గరైంది.

అమెరికాది వేరే తరహా. వీసా దరఖాస్తుకు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే 'సెవిస్' వ్యవస్థకు ఫీజు 350. ఇంటర్వ్యూలో కాదన్నారంటే 185 పోయినట్టే. 350 మాత్రం, అదే రకం వీసాకు 12 నెలల్లోపు మళ్లీ దరఖాస్తు చేస్తే, రెండోసారి కట్టనక్కర్లేదు. ఈ చిన్న సంగతి తెలియక రెండోసారి 30 వేల పైచిలుకు కట్టినవారు ఉంటే, ఆ తప్పు వాళ్లది కాదు. 2025 జూలైలో అక్కడ చేసిన చట్టం 'వీసా ఇంటెగ్రిటీ ఫీజు' పేరుతో మరో 250 డాలర్లకు దారి తెరిచింది. కట్టే రోజుకు అది అమల్లో ఉందో లేదో అధికారిక పేజీలో చూసుకోవడం మంచిది, పక్కింటి అబ్బాయి కిందటేడు కట్టిన రసీదు చూసి కాదు. డాలరు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2025 మొదట్లో 86 దగ్గర ఉన్నది డిసెంబరుకు 90 దాటింది.

ఫీజులు కాక తిరుగుడు ఖర్చు ఒకటి. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు ఇంకో రోజు. చిత్తూరులో వెంకటాద్రి ఎక్కి కాచిగూడలో దిగి, అక్కణ్నుంచి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ దాకా వెళ్లాలి. పిల్లతో పాటు తండ్రో, అన్నో తోడు. చెన్నైలో స్లాట్ దొరికితే అదృష్టం, పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు. అక్కడా ఇక్కడా దొరకక ముంబయి, ఢిల్లీ దాకా పోయినవాళ్లున్నారు. 2025 మే నెలాఖరులో అమెరికా కొత్త విద్యార్థి వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఆపేసి, జూన్ మూడో వారంలో మళ్లీ తెరిచినప్పుడు, ముందే టికెట్లు కొన్న ఇళ్లలో ఎంత టెన్షనో మేము చూశాం. ఈ తిరుగుడుకు ఎంత అవుతుందన్నది ఏ కాగితంలోనూ ఉండదు.

ఇక చూపించే డబ్బు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. లండన్ బయట చదివేవారికి బ్రిటన్ నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, ఇంకా కట్టని ట్యూషన్ ఫీజు కలిపి ఖాతాలో చూపించమంటుంది. ఖర్చు వరకే 12 లక్షలు దాటుతుంది. అది 28 రోజులు వరసగా ఉండాలి. ఒక్క రోజు తగ్గినా దరఖాస్తు తిరస్కరిస్తారు. తగ్గడమంటే ఎవరో తీసి ఖర్చు పెట్టుకోవడమే అనుకోకండి. తండ్రి ఖాతాలోంచి ఎల్ఐసీ ప్రీమియం ఆటో డెబిట్ అవుతుంది. బంగారం లోన్ వడ్డీ కోసుకుంటారు. సరిగ్గా 12 లక్షల 12 వేలు వేసి, ఇంకేం పర్వాలేదు అనుకున్న ఇంట్లో అలా కోసుకుపోయిన నాలుగు వేలే కొంప ముంచుతాయి. అవసరమైనదానికంటే కొంత ఎక్కువ వేసి, ఆ నెల రోజులు ఆ ఖాతాను మరిచిపోవడం మేలు.

అంత డబ్బు లేనివాళ్ల కోసం 'బ్యాలెన్స్ చూపిస్తాం' అనే మధ్యవర్తులు ఊరూరా తయారయ్యారు. నెల రోజులు 12 లక్షలు ఖాతాలో పడేసి, నూటికి రెండు చొప్పున 24 వేలు తీసుకుని, వీసా పని అయిపోగానే లాగేసుకుంటారు. కొందరు అది కూడా లేకుండా స్టేట్‌మెంటే తయారుచేసి ఇస్తామంటారు. దీన్ని సర్దుబాటు అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. మోసపూరిత పత్రం అని తేలితే బ్రిటన్ పదేళ్లు తలుపు మూస్తుంది. అమెరికా చట్టంలో అది జీవితకాలపు అనర్హత. 24 వేలు తీసుకున్న మధ్యవర్తి పేరు మాత్రం ఏ ఫైల్లోనూ ఉండదు.

బ్యాంకులున్నాయి కదా అనొచ్చు. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. మన జిల్లాల్లో ఆస్తి అంటే ఎక్కువమందికి పొలమే. సాగు భూమిని స్వాధీనం చేసుకోవడానికి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఐదెకరాల మామిడి తోట ఉన్నా బ్యాంకు మొహం తిప్పుకుంటుంది. డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమికి, బదిలీ మీద ఆంక్షలున్నాయి. ఊళ్లో ఇల్లుందంటే అది తరచూ గ్రామకంఠంలో ఉంటుంది, చాలావాటికి రిజిస్టర్ దస్తావేజు ఉండదు. అన్నీ ఉన్నా, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీకి, లీగల్ ఒపీనియన్‌కు, వాల్యుయేషన్‌కు ముందు మనమే కట్టాలి. ఇంత చేసి శాంక్షన్ లెటర్ వచ్చాక కూడా డబ్బు చాలావరకు వీసా పడ్డాకే కదులుతుంది. వీసా పడాలంటే కట్టాల్సిన రెండు లక్షలకు మాత్రం ఊళ్లో ప్రోనోటే దిక్కు. చదువుకు బ్యాంకు రుణం, చదువు మొదలవడానికి చేబదులు! మన కొండమీది స్వామి కూడా పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడంటారు. ఆయన వడ్డికాసులవాడు, హుండీ నిండుతుంది. పాకాల రైతుకు ఆ వసతి లేదు.

ఊరట కలిగించే మార్పు ఒకటుంది. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు విద్యా రుణం మీద విదేశాలకు పంపే సొమ్ముకు టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు కోసుకునే పన్ను, లేదు. సొంత డబ్బు పంపేవారికి కూడా ఏడాదికి 10 లక్షల దాకా మినహాయింపు పెరిగింది, అంతకుముందు 7 లక్షలే. దాటిన మొత్తం మీద కోసినది రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది. వ్యవసాయదారులకు ఆదాయపు పన్నే లేదని రిటర్న్ వేయడం మానేసి ఆ డబ్బు వదులుకోవద్దు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లు మూడు నెలలకోసారి బ్యాంకర్లతో సమావేశం పెడతారు. పంట రుణాలు, మహిళా సంఘాల రుణాల మధ్య విద్యా రుణం అంశం ఒక నిమిషంలో అయిపోతుంది. వచ్చే సమావేశంలో ఒకే ప్రశ్న అడగాలని మేము కోరుతున్నాం: శాంక్షన్ అయిన రుణంలోంచి వీసా ఫీజు, హెల్త్ సర్‌చార్జ్, బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము వీసాకు ముందే నేరుగా ఆ ప్రభుత్వానికో బ్యాంకుకో కట్టడానికి ఏ శాఖ ఒప్పుకుంటోంది, ఏ శాఖ ఒప్పుకోవడం లేదు? కొందరు రుణదాతలు ఇది చేస్తున్నారు కాబట్టి అసాధ్యమేమీ కాదు. కేంద్రం ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని కూలీల పిల్లలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో వీసా ఫీజు కలిసే ఉంది. ఏడాదికి 125 మందికే అది దక్కుతుందన్నది వేరే సంగతి. రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడల్లా విదేశీ విద్య పథకం పేరు మారింది. అంబేడ్కర్ పేరు, ఎన్టీఆర్ పేరు, ఆ తర్వాత జగనన్న పేరు. పేరు ఏదైనా పెట్టుకోండి, వీసా దశ ఖర్చుకు ముందస్తు సొమ్ము అందులో ఒక గీతగా రాయండి.

కన్సల్టెన్సీల విషయానికి వస్తే, ఫీజు తీసుకోకుండానే పని చేస్తామని బోర్డులు పెట్టేవి చాలా ఉన్నాయి. విదేశీ యూనివర్సిటీలు ఇచ్చే కమీషన్ మీద అవి నడుస్తాయి. అది తప్పు కాదు. కానీ పిల్లవాడు చేరితేనే కమీషన్ వచ్చే చోట, ఖర్చు తక్కువ చేసి చెప్పాలన్న తొందర ఉంటుంది. పంజాబ్‌లో ఇలాంటి సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం ఉంది. ఇక్కడ ఏ దుకాణం ఎవరు తెరిచినా అడిగేవాడు లేడు. కనీసం అంచనా కాగితం మీద సంస్థ ముద్ర, తేదీ, ఏ రోజు మారకపు రేటు వాడారో ఉండాలి. పోయేది, చూపించేది, తిరిగొచ్చేది వేర్వేరుగా రాసి సంతకం పెట్టమని తల్లిదండ్రులు అడగాలి. సంతకం పెట్టనంటే తిరుపతి బాలాజీ కాలనీలో ఇంకో మేడ మీద ఇంకో బోర్డు ఉంటుంది.

అడగాల్సిన సమయం కూడా ముఖ్యం. సెప్టెంబరు చదువుకు వీసా డబ్బు ఏప్రిల్ నుంచి జూలై లోపు కావాలి. తోతాపురి మామిడి కోత మొదలయ్యేది మే నెలాఖరులో, గుజ్జు ఫ్యాక్టరీ డబ్బు చేతికొచ్చేసరికి ఆగస్టు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. అంటే ఈ ఏడాది కాయ ఈ ఏడాది వీసాకు అందదు. అందుకే ఎస్వీ యూనివర్సిటీలోనూ ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ చివరి ఏడాది మొదట్లోనే ఈ లెక్క పిల్లల ముందు పెట్టాలి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గురించి గంటలు మాట్లాడే ఆఫీసుకు దీనికి ఒక మధ్యాహ్నం చాలు.

ఆ రైతు వెళ్తూ వెళ్తూ కాగితం జిరాక్స్ మాకు ఇచ్చి వెళ్లారు. వెనకవైపు పెన్సిల్‌తో ఆయన వేసుకున్న లెక్క ఉంది. 2025లో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు ఇస్తామన్న 12 రూపాయల రేటు ఈసారీ దొరికితే, లక్షన్నర అసలు, ఏడాది వడ్డీ 36 వేలు తీరడానికి పదిహేనున్నర టన్నుల తోతాపురి కావాలి.