గన్ షాపులో దొంగను ఎలా ఆపినా కేసు ఉండదా?

అమెరికాలో ఏదో గన్ షాపు. ఒకడు కౌంటర్ మీంచి పిస్టల్ లాక్కుని పరిగెడతాడు, లోపలివాళ్లు వాణ్ని తలుపు దగ్గరే పడేసి కుమ్ముతారు. ఇలాంటి సీసీటీవీ వీడియోల కింద మనవాళ్ల గ్రూపుల్లో తిరిగే మాట దాదాపు ఒకటే: "షాపు వాళ్లది, చట్టం వాళ్ల పక్షం. దొంగను చితక్కొట్టినా, పారిపోతుంటే కాల్చినా అడిగేవాడు లేడు. స్టాండ్ యువర్ గ్రౌండ్ అంటే అదే. పైగా బయటికి పోయేది తుపాకి. ఆపకపోతేనే తప్పు."

ఇందులో ఒక్క ముక్క నిజం. మిగతాది నమ్మి తుపాకి తీసినవాళ్ల మీద హత్య కేసులు పడ్డాయి.

"షాపు నాది, పట్టుకునే హక్కు నాకుంది"

నిజమైన ముక్క ఇదే. దొంగతనం చేశాడన్న అనుమానం ఉన్నవాణ్ని దుకాణదారు ఆపవచ్చని అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల చట్టాలూ చెబుతాయి. దీన్ని షాప్‌కీపర్స్ ప్రివిలేజ్ అంటారు. టెక్సస్‌లో ఇది సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్‌లో 124.001 సెక్షన్. మొత్తం ఒక్క వాక్యం. ఆ వాక్యంలోనే షరతులన్నీ ఉన్నాయి. దొంగిలించాడని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. ఆపే పద్ధతి సబబుగా ఉండాలి. ఆపి ఉంచిన సమయమూ సబబుగా ఉండాలి. ఆపేది వస్తువు ఎవరిదో తేల్చుకోవడానికి మాత్రమే. బుద్ధి చెప్పడానికి కాదు.

ఏది సబబో ఆ క్షణంలో ఓనర్‌కి అనిపించినదాన్ని బట్టి తేలదు. ఏడాదో రెండేళ్లో గడిచాక మామూలు పౌరులతో కూర్చిన జ్యూరీ ఆ షాపు కెమెరా ఫుటేజీనే ఆపి ఆపి చూసి తేలుస్తుంది. 2010లో షికాగోలో ఒక సీవీఎస్ మందుల షాపు మేనేజర్, టూత్‌పేస్ట్, క్రేయాన్లు ఎత్తుకెళ్లాడంటూ ఒకణ్ని పక్క సందులోకి తరిమి పట్టుకున్నాడు. ఆ పెనుగులాటలో గొంతు నులిమినట్టై వాడు చచ్చిపోయాడు. పోలీసులు క్రిమినల్ కేసు పెట్టలేదు. కానీ చనిపోయినవాడి తల్లి సివిల్ దావా వేసింది. "కేసు లేదు" అని మనవాళ్లు అనేటప్పుడు ఈ రెండో తలుపు సంగతి ఎవరికీ గుర్తుండదు.

అసలు దొంగతనమే జరగకపోతే? 2023 మే నెలలో సౌత్ కరొలైనాలోని కొలంబియాలో ఒక గ్యాస్ స్టేషన్ ఓనర్, నీళ్ల సీసాలు దొంగిలించాడనుకుని పద్నాలుగేళ్ల కుర్రాణ్ని తరిమి వీపు మీద కాల్చి చంపాడు. ఆ కుర్రాడు సీసాలు తీసి తిరిగి కూలర్‌లోనే పెట్టేశాడని షెరీఫ్ చెప్పాడు. ఓనర్ మీద హత్య కేసు పెట్టారు.

"స్టాండ్ యువర్ గ్రౌండ్ ఉందిగా"

ఈ చట్టం చేసేది ఒకటే: ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు, వెనక్కి తగ్గే వీలున్నా తగ్గనక్కర్లేదు అంటుంది. ముప్పు ప్రాణానికి. సరుకుకి కాదు. ఫ్లోరిడా చట్టం ఆస్తి కాపాడుకోవడానికి మామూలు బలం వాడనిస్తుంది, ప్రాణం తీసే బలం మాత్రం బలవంతపు ఘోర నేరాన్ని ఆపడానికే. ఉత్త దొంగతనం ఆ జాబితాలో లేదు.

ఆ ఫ్లోరిడాలోనే, లేక్‌లాండ్‌లో, 2018 అక్టోబర్ 3న జరిగినదాన్ని చూడండి. సైనిక సామాన్లు అమ్మే షాపు. దాని సహయజమాని మైకేల్ డన్ ఆ ఊరి సిటీ కమిషనర్ కూడా. ఒకడు చిన్న గొడ్డలి పట్టుకుని డబ్బు కట్టకుండా వెళ్లబోయాడు. పోలీసులు బయటపెట్టిన వీడియోలో కనిపించేది ఇది: ఆ మనిషి తలుపు తోసుకుని బయటికి పోతున్నాడు, డన్ ఒక చేత్తో వాడి చొక్కా పట్టుకుని లోపలికి లాగుతున్నాడు, రెండో చేతిలో పిస్టల్. కాల్చాడు. వాడు తలుపు మధ్య కూలిపోయాడు. చేతిలో గొడ్డలి ఉందిగా, ఆత్మరక్షణే కదా అని మనకి అనిపించవచ్చు. అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, గ్రాండ్ జ్యూరీకి అలా అనిపించలేదు. సెకండ్ డిగ్రీ హత్య అభియోగం మోపింది. డన్ కమిషనర్ పదవి వదులుకోవాల్సి వచ్చింది.

ఆ చొక్కా పట్టుకున్న చేయే అతని వాదనకు అడ్డం. భయపడ్డవాడు పోయేవాణ్ని పోనిస్తాడు గానీ లోపలికి లాక్కోడు.

"దొంగ తిరగబడితే అది దోపిడీ అవుతుందిగా" అనే లాయర్ బుర్రలూ ఉన్నాయి. నిజమే. కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు 1983లో ఎస్టెస్ కేసులో అదే చెప్పింది: సరుకుతో తప్పించుకోవడానికి బలం వాడితే చిల్లర దొంగతనం దోపిడీగా మారుతుంది. దాంతో దొంగ శిక్ష పెరుగుతుంది. ఓనర్‌ చేసిందంతా దానంతటదే ఒప్పైపోదు. తోపులాట ఎవరు మొదలెట్టారన్న ప్రశ్న అక్కడే ఉంటుంది.

"టెక్సస్‌లో కాల్చొచ్చు"

సగం చదివిన సెక్షన్ ఇది. టెక్సస్ పీనల్ కోడ్ 9.42 ఆస్తి కోసం ప్రాణాంతక బలాన్ని కొన్ని సందర్భాల్లో నిజంగానే ఒప్పుకుంటుంది. కానీ దోపిడీ, ఇళ్లలోకి చొరబడటం లాంటివి పక్కన పెడితే, మామూలు దొంగతనానికి "రాత్రిపూట" అన్న మాట ఉంది. అది తీరినా, ఆ వస్తువును ఇంకో దారిలో రక్షించుకోలేమనో తిరిగి రాబట్టలేమనో, తక్కువ బలం వాడితే తనకో ఇంకొకరికో ప్రాణాపాయం అనో నమ్మడానికి తగిన కారణం ఉండాలి. గన్ షాపులు ఎక్కువగా తెరిచుండేది పగలే. బలవంతంగా దుకాణంలోకి చొరబడ్డవాడి విషయంలో ఆ రాష్ట్రం ఓనర్‌ని నమ్ముతుంది, కరెక్టే. తెరిచిన తలుపులోంచి కస్టమర్‌లా వచ్చినవాడు ఆ లెక్కలోకి రాడు.

"అది తుపాకి! ఆపకపోతే ఇంకెవణ్నో చంపుతాడు"

వాదనల్లో బలమైనది ఇదే, కొట్టిపారేయలేను. టీవీ ఎత్తుకెళ్లడం, గ్లాక్ పిస్టల్ ఎత్తుకెళ్లడం ఒకటి కాదు. అందుకే లైసెన్సున్న డీలర్ నుంచి తుపాకి దొంగిలించడం విడిగా ఫెడరల్ నేరం, పదేళ్ల దాకా జైలు.

కానీ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. క్లర్క్ అద్దాల బీరువాలోంచి పిస్టల్ తీస్తాడు, మ్యాగజైన్ (తూటాల డబ్బా) లాగేస్తాడు, స్లైడ్ (పై భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) ఏమీ లేదని చూసి, అలాగే తెరిచి కస్టమర్ చేతికిస్తాడు. వృత్తి నియమం అది. రేపు కోర్టులో "వాడు నన్ను కాలుస్తాడని భయపడ్డాను" అంటే, ఎదుటి లాయర్ మొదట వేసే ప్రశ్న: "అందులో తూటా లేదని నువ్వే చూశావుగా?" వాడి జేబులో సొంత తూటాలున్నాయనడానికి ఏదైనా కనబడి ఉంటే కథ వేరు. కనబడాలి మరి, తర్వాత ఊహించుకుంటే కుదరదు.

చట్టం డీలర్‌ని అడిగేది వేరే పని. తుపాకి పోయిందని తెలిసిన 48 గంటల్లో తుపాకుల వ్యాపారాన్ని చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కీ, స్థానిక పోలీసులకీ చెప్పాలి. సీరియల్ నంబర్ రిజిస్టర్‌లో ఉంటుంది, దొంగ సొత్తు జాబితాకెక్కుతుంది. తరమమని ఎక్కడా లేదు. ఫ్లోరిడా రాజధాని టలహాసీలో అకాడమీ స్పోర్ట్స్ అనే క్రీడా సామాన్ల షాపు మేనేజర్ ఒకాయన, పిస్టల్‌తో పరిగెత్తినవాణ్ని బయట పడేసి పట్టుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు, తుపాకి దొరికింది. కంపెనీ మాత్రం నిబంధన చూపించి ఉద్యోగంలోంచి తీసేసింది. నాకు అది అన్యాయంగానే కనిపిస్తుంది. అయినా అంత బాగా ముగిసిన సంఘటనకే ఫలితం అది.

"కాల్చక్కర్లేదు, చూపిస్తే చాలు"

బెదిరించడానికి ఆయుధం చూపడాన్నే ప్రాణాంతక బలం అనకూడదని టెక్సస్ 9.04 అంటుంది, అదీ బలం వాడటం సమంజసమైన సందర్భంలోనే. ఆ సందర్భం తప్పితే అదే అగ్రవేటెడ్ అసాల్ట్ (తీవ్రమైన దాడి), అంటే ఫెలనీ, పెద్ద నేరం. గన్ షాపువాడికి ఫెలనీ అంటే జైలు ఒక్కటే కాదు. ఆ శిక్ష పడ్డవాడు తుపాకి ముట్టుకోవడమే నేరం. లైసెన్సూ పోతుంది, వ్యాపారమూ పోతుంది.

గ్రీన్ కార్డున్న మనవాళ్ల షాపు అయితే ఇంకో మెట్టు. హింసతో కూడిన నేరానికి ఏడాదో అంతకన్నా ఎక్కువో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయవచ్చు. ఇక ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీదున్నవాళ్లు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే, తుపాకి దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఫ్రెండ్ వాళ్ల గ్యాస్ స్టేషన్‌లో సాయంగా కూర్చున్న కుర్రాడు క్యాష్ కౌంటర్ కింద ఉన్న పిస్టల్ తీసి దొంగకు గురిపెడితే, పోలీసులొచ్చాక దొంగ మీద ఒక కేసు, ఆ కుర్రాడి మీద అంతకన్నా పెద్ద కేసు.