డైమండ్ క్రాసింగు వారికి పెరంబూరు నుంచి ఒక విన్నపం

రెండు రైలు దారులు ఒకదానినొకటి అడ్డంగా దాటే చోట కొలువుండే మహారాజశ్రీ డైమండ్ క్రాసింగు గారి సముఖానికి, ఇంటిల్లిపాదీ తిరగవలసిన హాలులో సగభాగాన్ని బొమ్మ రైళ్ళ బల్లకు ధారపోసిన తమ విధేయుడు సమర్పించుకునే విన్నపం.

అయ్యా, పాయింట్లకు ఒక ఉద్యోగం ఉన్నది. అవి రైలును ఒక దారి నుంచి మరొక దారికి మళ్ళిస్తాయి. తమరు ఏ రైలునూ ఎటూ మళ్ళించరు. మాటలు లేని వియ్యాలవారు ఒకే పందిట్లో ఎదురుపడినా పలకరించుకోకుండా సాగిపోయేందుకు జరిగే ఏర్పాటు వంటిదే తమరి అవతారమంతా. రెండు మార్గాలు ఒకదాని జోలికి ఒకటి పోకుండా దాటిపోవాలన్న ఆ ఒక్క పనికి తమరికి రెండు అల్పకోణపు ఫ్రాగులు (పట్టాలు ఒకదానినొకటి ఖండించే కూడళ్ళు), రెండు అధికకోణపు ఫ్రాగులు, వాటికి వింగ్ రెయిల్స్ అనే రెక్క పట్టాలు, ఎదురుగా కాపలాకు చెక్ రెయిల్స్ అనే పట్టాలు కావలసి వచ్చాయి.

దుకాణాలలో దొరికే తమ బంధువులు తయారీదారు ముందే ఖాయం చేసిన కొన్ని కోణాలలో తప్ప దర్శనమివ్వరు. వారిని తెచ్చుకున్నవాడు తన పట్టాలను వారి కోణానికి వంచుకోవాలి, వంగకపోతే స్టేషనును జరపాలి, అప్పటికీ చాలకపోతే చెరువును పూడ్చాలి. చెరువులు పూడ్చడం చెన్నైలో కొత్త విద్య కాదు గానీ, బల్ల మీదనైనా ఒకటి మిగలనిద్దామని నా ఆశ.

నా కోరిక పెద్దదేమీ కాదు. సెంట్రల్ స్టేషను వైపు బ్రాడ్ గేజ్, ఎగ్మోరు స్టేషను వైపు మీటర్ గేజ్ నడిచిన నాటి మద్రాసును తలచుకొని, ఆ రెండు దారులూ 37 డిగ్రీల వద్ద ఒకదానినొకటి దాటేటట్లు గీసుకున్నాను. గేజ్ అంటే రెండు పట్టాల నడుమ దూరం; నా బొమ్మ రైళ్ళ హెచ్‌ఓ స్కేలు అంటే అసలులో 87వ వంతు కనుక, 1676 మిల్లీమీటర్ల మన బ్రాడ్ గేజ్ అందులో 19 మిల్లీమీటర్లు దాటాలి. అంగడిలో సులువుగా దొరికేది మాత్రం 16.5 మిల్లీమీటర్ల పట్టా. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు నమూనా. చెన్నైలో ఆ గేజ్ మీద నడిచేది మెట్రో ఒక్కటే కనుక, నా గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎవరికీ చెప్పకుండా మెట్రో పట్టాలెక్కి ఢిల్లీకి పోతున్నది. పదకొండున్నర ఉండవలసిన మీటర్ గేజ్ మాత్రం 12కు చేరి కాస్త ఒళ్ళు చేసింది. చిక్కిన పెద్దన్ననూ బలిసిన చిన్నతమ్ముణ్ణీ కలిపే క్రాసింగు ఆ కోణంలో నాకు ఏ కొట్టులోనూ కనిపించలేదు గనుకనే తమరిని ఇంట్లోనే ప్రతిష్ఠించవలసి వచ్చింది.

ప్రతిష్ఠకు కావలసిన రాగి పూత బోర్డును ఎలక్ట్రానిక్ సామాన్ల బజారైన రిచీ స్ట్రీట్‌లో కొని, పట్టాల కింద అడ్డంగా ఉండే సన్నని స్లీపర్లుగా కోసి, బల్ల మీది కొలతకే గీసిన కాగితం మీద పరిచి, వాటిపై పట్టాలను టంకం వేయాలి. కుడి పట్టాకూ ఎడమ పట్టాకూ రాగి గుండా చుట్టరికం కలవకుండా ప్రతి స్లీపరు పూతనూ నడుమ గీరి తెంచాలి. ఫ్రాగు ముక్కు కోసం రెండు పట్టాల చివరలను ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడు తమరి అసలు లీల మొదలవుతుంది: ఒక ముక్కను అతికించే వేడికి, నిన్న అతికిన పక్క ముక్క మర్యాదగా లేచి తప్పుకుంటుంది. చక్రం అంచు దూరే సందు సుమారు 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు రైల్వే సందును 87తో భాగిస్తే వచ్చేదానికి ఇది రెట్టింపు పైమాటే. ఇంత ఉదారమైన సందులోనూ టంకపు బొట్టు ఒక్కటి మిగిలితే చాలు, బోగీ ఎగిరి పడుతుంది.

ఇక విద్యుత్తు సంగతి. రెండు పట్టాలూ రెండు ధ్రువాలు కనుక, తీగలను ఎటు తిప్పి కలిపినా తమరి నాలుగు కూడళ్ళలో రెండింటి దగ్గర విరుద్ధ ధ్రువాలు ఢీకొంటాయి. అందుకని సన్నని రంపంతో పట్టాలను కోసి, ఫ్రాగులను ఏ సరఫరాకూ చెందని స్వతంత్ర సంస్థానాలుగా ప్రకటించాము. చాలా చక్రాల నుంచి కరెంటు తీసుకునే పొడవాటి ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు ఆ సంస్థానాలను పట్టించుకోకుండా దాటిపోతాయి. యార్డులో బోగీలను అటూ ఇటూ సర్దే నాలుగు చక్రాల షంటింగ్ ఇంజను మాత్రం సరిగ్గా తమరి నడిబొడ్డున ప్రాణం విడుస్తుంది. అది అక్కడ నిలిచిందంటే బ్రాడ్ గేజూ ఆగుతుంది, మీటర్ గేజూ ఆగుతుంది. ఒకరి జోలికి ఒకరు పోకూడదని తమరిని నియమించుకున్న రెండు మార్గాలూ తమరి పుణ్యాన ఒకే ఇంజను కోసం కలిసి ఎదురుచూస్తాయి.

ఏ దారిన రైలు వస్తే ఆ దారికి తగిన ధ్రువాన్ని ఫ్రాగులకు అందించే రిలేలను, అంటే కరెంటుతో వాటంతటవే మారే స్విచ్చులను, అమర్చే ప్రయత్నంలో ఉన్నాను. అవి పనిచేసేలోగా, ఆగిన ఇంజనును వేలితో ముందుకు తోసే ఉద్యోగాన్ని మా మేనల్లుడు జీతం లేకుండా నిర్వహిస్తున్నాడు. జూన్‌లో బడులు తెరవగానే ఆ పదవి ఖాళీ అవుతుంది. వాళ్ళ అమ్మ పొడిగింపుకు ససేమిరా అంటున్నది. కనుక ఆలోగా షంటింగ్ ఇంజను విషయంలో తమరు దయచేసి ఏదో ఒక నిర్ణయం తీసుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
పెరంబూరు, చెన్నై.