గీత దాటినవాడిదే రాజ్యం

సముద్రం మీద భూమధ్యరేఖకు కంచె లేదు, టోల్ గేటూ లేదు. అయినా దాన్ని మొదటిసారి దాటే నావికుడు మూల్యం చెల్లించి తీరాల్సిందే. ఓడ మీద జరిగే ఈ తంతును ర్యాగింగ్ అనేవాళ్ళున్నారు. పాపం, పరిపాలన అంటే ఏమిటో తెలియని అమాయకులు.

గీత దగ్గరపడగానే పెట్టుడు గడ్డంతో, త్రిశూలంతో సముద్రదేవుడు నెప్ట్యూన్ మహారాజు డెక్ మీదికి వేంచేస్తాడు. నిన్నటిదాకా ఆయన ఇంజన్ రూములో మెకానిక్కే కావచ్చు, ఇవాళ మాత్రం కెప్టెన్ కూడా వంగి స్వాగతం పలకాలి. పక్కన మీసాల రాణిగారు, మంగలి, డాక్టరు. అందరికన్నా ముఖ్యుడు రాజశిశువు. ఓడలో అతి పెద్ద పొట్ట ఉన్నవాడికే ఆ పదవి. ఆ పొట్టకు గ్రీజు పూస్తారు, కొత్తవాళ్ళు వరసగా వచ్చి ముద్దు పెట్టుకోవాలి. నేల మీది కొలువుల్లోనూ జరిగేది ఇదే, కాకపోతే గ్రీజు కనపడదు.

తీర్పు చెప్పడానికి చదువక్కర్లేదు, ఇదివరకు ఇదే శిక్ష పడి ఉంటే చాలు. అత్తా ఒకింటి కోడలే కదా! దాటినవాడు షెల్‌బ్యాక్, దాటనివాడు పాలీవాగ్, అంటే తోకకప్ప. 1832 ఫిబ్రవరిలో బీగిల్ ఓడ మీద డార్విన్‌కు కళ్ళకు గంతలు కట్టి, ముఖానికి తారూ రంగూ పులిమి, ఇనప పట్టీతో గీకి, నీళ్ళలో పడేశారు. జీవులు మారడానికి యుగాలు పడుతుందని తర్వాత లోకానికి చెప్పిన మనిషి, తను మాత్రం ఒక్క పూటలో తోకకప్ప నుంచి షెల్‌బ్యాక్ అయిపోయాడు.

డబ్బున్నవాళ్ళకు వేరే దారి ఉండేది. 1768లో ఎండీవర్ ఓడ గీత దాటినప్పుడు తయారైన, ఓడలో అందరి పేర్లూ ఉన్న జాబితాలో కుక్కల్నీ పిల్లుల్నీ కూడా వదల్లేదు. తాడు కట్టి మూడుసార్లు సముద్రంలో ముంచడం శిక్ష. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ తనకూ, నౌకర్లకూ, కుక్కలకూ కలిపి బ్రాందీ ముట్టజెప్పి బయటపడ్డాడు. దీన్ని లంచం అనకూడదు, మినహాయింపు రుసుము అనాలి. చట్టం ముందు కుక్కా దొరా సమానమని ఇంత స్పష్టంగా నిరూపించిన రాజ్యాంగం ఇంకోటి చూపించండి.

పని పూర్తయ్యాక సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని పారేసుకుంటే, వచ్చేసారి పొట్ట మళ్ళీ సిద్ధంగా ఉంటుంది. 180వ రేఖాంశం దగ్గర దాటితే ఏకంగా గోల్డెన్ షెల్‌బ్యాక్.

ఇప్పుడు కాలం చెడింది. ఇష్టమున్నవాళ్ళే పాల్గొనాలట, ఎవరికీ దెబ్బ తగలకూడదట! అంతకన్నా అన్యాయం, విమానం ఎక్కిన ప్రతివాడూ దుప్పటి కప్పుకుని, గురక పెడుతూ గీత దాటేస్తున్నాడు. ఈ బకాయిలన్నీ ఎవరు వసూలు చేస్తారు? పైలట్లలో పొట్ట ఉన్నవాళ్ళు లేరా?