కార్న్ డాగ్ గారూ, ఆ పుల్ల ఎక్కడ పెట్టమంటారు?

మహారాజశ్రీ కార్న్ డాగ్ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం కాదు. పుల్లకు గుచ్చిన సాసేజ్‌ను మొక్కజొన్న పిండిలో ముంచి నూనెలో వేయిస్తే తయారయ్యేది తమరే కదా. నూనె చిట్లిన చేత్తోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. "ఇంట్లోనే ఈజీగా" అంటూ మీ గురించి చెప్పే వీడియోల్లో ఎవరి వేళ్లకీ పిండి అంటదు, ఎవరి పొయ్యి మీదా నూనె చుక్క పడదు. పుల్ల గురించి అయితే ఒక్కరూ నోరు విప్పరు.

అడ్డంగా పడుకోబెడదామంటే అది బాణలి అంచు దాటి బయటికి పొడుచుకొస్తుంది. నిలువుగా ముంచుదామంటే డబ్బాడు నూనె పోయాలి. పోనీ విరిచేద్దామా అంటే, పట్టుకోవడానికి మిగిలేది నా వేలు కాలేంత ముక్క.

స్టాన్లీ జెంకిన్స్ అనే అమెరికా ఆయన 1927లోనే ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టి, 1929లో సంపాదించాడు. పుల్లకు గుచ్చినవాటిని పిండిలో ముంచి, నూనెలో వేయించి, అంతసేపూ పట్టుకుని ఉండే పరికరం అది. అంటే మిమ్మల్ని పట్టుకోవడం మనిషి వల్ల కాదని ఆ మహానుభావుడికి అప్పుడే తెలుసు! మీరు మా ఇంటిదాకా వచ్చారు గానీ, ఆ పరికరం రాలేదు. దాని ఉద్యోగం నాకు పడింది, జీతం లేకుండా. పైగా ఇలా తయారైన తిండి శుభ్రమైనదని, ఆరోగ్యకరమైనదని ఆ పేటెంటులో రాశారు. శుభ్రం సంగతి నా పొయ్యి గట్టును అడగండి. ఆరోగ్యం జోలికి నేను పోను.

ఇక మీ ముస్తాబు. పెళ్లికొడుక్కి కూడా ఇంత ఉండదు. సాసేజ్‌ను తడి లేకుండా తుడవాలి, పొడి మైదాలో దొర్లించాలి, లేకపోతే తమరు నూనెలో దిగీ దిగగానే కోటు విప్పేస్తారు. మొక్కజొన్న పిండి, మైదా, బేకింగ్ పౌడర్, గుడ్డు, పాలు కలిపి చిక్కటి పిండి చేసి, పొడుగాటి గ్లాసులో పోయాలి. మొదటివి హాయిగా మునుగుతాయి. గ్లాసులో మట్టం తగ్గే కొద్దీ అసలు నాటకం మొదలు: గ్లాసు వంచు, పుల్ల తిప్పు, చెంచాతో మిగతా ఒళ్లంతా పూయి. చివరిది సగం చొక్కాతో నూనెలోకి దిగుతుంది.

నూనె 175 నుంచి 190 డిగ్రీల మధ్య ఉండాలి. తగ్గితే మీరు నూనె తాగుతారు, పెరిగితే పైన మాడి లోపల పిండి పచ్చిగా ఉంటుంది. వేసీ వేయగానే వదిలేస్తే అడుక్కి అంటుకుంటారు, కాబట్టి పైపొర గట్టిపడేదాకా కొన్ని సెకన్లు పుల్ల పట్టుకునే నిలబడాలి. ఆ తర్వాత మీకో మొండిపట్టు. బరువున్న వైపే కిందికి తిరిగి తేలతారు. గరిటెతో తిప్పితే ఒక్క క్షణం మాట వింటారు, మళ్లీ అటే దొర్లుతారు. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు.

ఇంత సేవా చేసి బల్ల మీద పెడితే, అందరూ అడిగేది ఏమిటి? "సాస్ ఎలా చేశావు?" అని. మయోనైజ్‌లో ఆవాల సాస్, తేనె, కాస్త కారం వేసి తిప్పానంతే. అర నిమిషం పని. మెప్పంతా దానికే. పైగా ఒకే గిన్నె, కొరికిన కొనతోనే మళ్లీ ముంచడాలు. రెండోసారి ముంచింది ఎవరని అడిగితే ఒక్క పుల్లా కదలదు.

ఇట్లు,
తమరిని పట్టుకునే పరికరం

తా.క.: సాసేజ్‌లు అయిపోయాయి, గ్లాసు అడుగున పిండి ఇంకా ఉంది. జెంకిన్స్ గారి పేటెంటు జాబితాలో అరటిపండు కూడా కనబడింది. నూనె వేడిగానే ఉంది.