అమ్మమ్మ ఇంటి ఫొటోలు పెట్టేవాళ్లు ఆ ఇంటి పెంకుల ఖర్చు గురించి కూడా మాట్లాడాలి

డిసెంబరు మొదటి వారం వచ్చిందంటే చాలు, మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అమ్మమ్మ ఇంటి పాత ఫొటోలు బయటికి వస్తాయి. మనవలందరూ అరుగు మీద వరుసగా కూర్చున్నది ఒకటి, క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి తాతయ్య నిచ్చెన ఎక్కినది ఇంకొకటి. వాటి కింద గుండె బొమ్మలు, కన్నీటి బొమ్మలు కుప్పలుగా పడతాయి. చివరకు ఎవరో ఒకరు ఆ ఇంటిని ఎవ్వరూ అమ్మకూడదని, ముట్టుకోకూడదని, అది ఎప్పటికీ అలాగే ఉండాలని తీర్మానిస్తారు, మిగిలినవారంతా ఆమెన్ అంటారు. అలాగే ఉండడానికి ఏటా ఎంత ఖర్చవుతుందో, ఆ చాకిరీ ఎవరు చేస్తున్నారో అడిగినవారు మాత్రం ఒక్కరూ లేరు.

మా అమ్మమ్మ ఊరు చోడవరం నుంచి మాడుగుల వెళ్లే దారిలో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అది అనకాపల్లి జిల్లా అయినా మా ఇళ్లలో ఇప్పటికీ వైజాగ్ జిల్లా అనే అంటాము. తాతయ్య మిషన్ బడిలో మాస్టారుగా పనిచేస్తూ, జీతంలో మిగిల్చుకుని కట్టిన పెంకుటిల్లు అది. తాటి దూలాలు, సున్నం గోడలు, వెనుక పెరడు, నుయ్యి, ఆ నూతి అవతల మరుగుదొడ్డి. తాతయ్య పోయిన తరువాత అక్కడ ఉంటున్నది ఎనభై ఏళ్లకు దగ్గరపడిన అమ్మమ్మ ఒక్కతే. ఉదయం ఊడ్చి వెళ్లడానికి ఒకామె వస్తుంది. మిగిలినదంతా అమ్మమ్మ మోకాళ్ల మీదే నడుస్తోంది.

ఇక సెలవుల సంగతి. మన రాష్ట్రంలో మిషనరీ బడులకు క్రిస్మస్‌కు వారానికి అటూ ఇటూగా సెలవులు ఇస్తారు, మిగిలిన బడులకు ఆ ఒక్క రోజే ఇచ్చి సంక్రాంతికి ఎక్కువ ఇస్తారు. దానితో మా పిల్లల్లో సగం మంది ముందే దిగిపోతారు, మిగతా సగం ఇరవై నాలుగో తేదీ రాత్రి వచ్చి మర్నాటి సాయంత్రానికి వెళ్లిపోతారు. హైదరాబాదు, బెంగుళూరుల నుంచి వచ్చేవాళ్లు మధ్యలో ఎప్పుడో ఊడిపడతారు. ఎవరు ఏ పూటకు ఉంటారో తెలియని ఇంట్లో వారం రోజుల పాటు పొయ్యి ఆరదు. రైలు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. అంటే మన వాళ్లు రెండు నెలల ముందు, కౌంటర్ తెరిచే వేళకు ఫోను పట్టుకుని కూర్చుని మరీ టికెట్ తీసుకుంటున్నారు. అంత ముందుచూపు ఉన్నవాళ్లు, వస్తున్నామన్న మాట అమ్మమ్మకు మాత్రం రైలెక్కాక చెబుతారు.

అరిసెల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫొటోల తరువాత ఎక్కువ లైకులు వాటికే పడతాయి. డిసెంబరు నాటికి మా వైపు చెరకు గానుగలు ఆడడం మొదలై కొత్త బెల్లం వస్తుంది. అరిసెకు ఆ బెల్లమే కావాలని అమ్మమ్మ పట్టు. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. పిండి ఆరిపోతే అరిసె విరిగిపోతుంది. బెల్లం పాకం పట్టేటప్పుడు నీళ్ల గిన్నెలో చుక్క వేసి, అది వేళ్ల మధ్య ఉండకట్టిందా లేదా చూడాలి. ఆ ఘడియ దాటితే అరిసె రాయవుతుంది, అంతకుముందే దింపితే నూనెలో విచ్చిపోతుంది. పాకం దింపిన వెంటనే ఒకరు పిండి పోస్తూ ఉంటే ఇంకొకరు బలంగా కలియతిప్పాలి. తరువాత ఒక్కొక్కటి ఆకు మీద తట్టి, నూనెలో వేసి, తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి నూనె కారేదాకా నొక్కాలి. ఇరవై ఇళ్లకు పంచడానికి, ప్రతి కారు డిక్కీలో ఒక డబ్బా పెట్టి పంపడానికి ఎన్ని కావాలో లెక్క వేసుకోండి. కిందటేడాది ఆ పని జరుగుతున్నంతసేపూ పొయ్యి దగ్గర ఉన్నది అమ్మమ్మ, మా అమ్మ, ఊడ్చే ఆమె. మనవలు గుమ్మంలో నిలబడి వీడియో తీశారు. వీడియో చాలా బాగా వచ్చిందని నేనూ ఒప్పుకుంటాను.

ఇంతా చేసి ఇరవై నాలుగో తేదీ రాత్రి అమ్మమ్మ చర్చికి వెళ్లి, ఆరాధన అయ్యి, కేక్ పంచి, ఇంటికి చేరి పడుకునేసరికి రెండు దాటుతుంది. తెల్లవారి ఆరింటికి మళ్లీ టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది ఆవిడే. అడిగితే "నాకేటి కష్టమే అమ్మా, మీరొచ్చేరు అదే చాలు" అంటుంది. ఈ మాటను పట్టుకుని, ఆవిడకు మనం వెళ్లడమే సంతోషమని, పని చేయవద్దంటే బాధపడుతుందని వాదించేవారు మా ఇంట్లో చాలామంది ఉన్నారు. మనం వెళ్తే ఆమెకు సంతోషమన్నది నిజమే. మనం పని చేస్తే ఆ సంతోషం తగ్గుతుందని ఎవరు చెప్పారు? అందరూ వెళ్లిపోయిన తరువాత వారం పాటు ఆమె గోడ పట్టుకుని నడుస్తుందని చెప్పింది కూడా ఆవిడ కాదు, ఊడ్చే ఆమె.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన విషయం మరుగుదొడ్డిది. రాత్రివేళ, చలిలో, టార్చి పట్టుకుని, నూతి చుట్టూ నాచు పట్టిన గచ్చు దాటి ఆవిడ పెరట్లోకి వెళ్లాలి. పడమటి వైపు వసారాలో ఒక మూల గోడ కట్టి, కుర్చీలా కూర్చునే కమోడ్, పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ పెట్టిద్దామని నేను గ్రూపులో అన్నప్పుడు, వసారా అందం పోతుందని, తాతయ్య కట్టిన తీరు చెడుతుందని అభ్యంతరాలు వచ్చాయి. అన్నవాళ్లలో ఒకరికి సొంత ఫ్లాట్‌లో మూడు బాత్రూములు ఉన్నాయి. ఆ వసారాను మనం ఏడాదిలో ఒకసారి ఫొటో తీస్తాము, ఆవిడ ప్రతి రాత్రీ దాటుతుంది. పాత ఇల్లు అలాగే ఉండాలన్న కోరిక అందులో ఉంటున్న మనిషి తుంటి ఎముక కంటే ఎక్కువైపోతే, దానిని ప్రేమ అనడానికి నాకు నోరు రావడం లేదు.

పెంకుల సంగతి మరొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటినప్పుడు మనమంతా పగిలిన కిటికీ అద్దాలు, లేని కరెంటు, దొరకని పాలు, మంచినీళ్ల కోసం పరుగులు పెట్టాము. అదే గాలి ఊళ్లో ఆ ఇంటి కప్పులో ఒక వైపంతా లేపేసింది. అప్పుడు పెద్దమావయ్య అప్పు చేసి కప్పించిన పెంకే ఇప్పటికీ ఉంది. పెంకుటిల్లు అంటే ఒకసారి కట్టి వదిలేసేది కాదు. వానలకు ముందు మేస్త్రీని పెట్టి పెంకు తిరగవేయించాలి, పగిలినవి మార్చాలి. మార్చకపోతే ఆ చుక్క నీరు ముందు వాసాన్ని, తరువాత దూలాన్ని తింటుంది, వెనకాలే చెద వస్తుంది. ఈ మధ్య కోతులు కప్పు మీదికెక్కి పెంకు జరిపేయడం కూడా ఎక్కువైంది. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఊరికి ఒకరైనా మిగల్లేదు, ఉన్నవాళ్ల కూలీ తక్కువేమీ కాదు. మొన్న ఒక బావగారు చెమ్మ కొట్టిన సున్నం గోడకు సిమెంటు పూయించి ఖర్చు తగ్గించానని సంతోషపడ్డారు. సున్నం గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు దానిని బిగించేస్తుంది. ఏడాది తిరగకుండానే ఆ పూత పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న రాగానే, అది మావయ్యలు చూసుకోవాలి గానీ ఆడపిల్లలకు, వారి పిల్లలకు ఏమి సంబంధమన్న మాట వినిపిస్తుంది. ఇది మన సౌకర్యం కోసం మనం కల్పించుకున్న చట్టం. మన క్రైస్తవ కుటుంబాలకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా రాయకుండా పోయిన తాతయ్య ఆస్తిలో మూడో వంతు అమ్మమ్మది, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం, అందులో కొడుకులకు ఒక రకం, కూతుళ్లకు ఒక రకం లేదు. అమ్మేటప్పుడు ఈ లెక్క అందరికీ నోటికి వస్తుంది. మరి పెంకు వేయించేటప్పుడు కూడా అదే లెక్క వేయాలి కదా. మా అమ్మ వాటా ఖర్చు నేను ఇస్తాను, దానికి పేచీ లేదు.

కొందరికి ఆ ఇల్లు లంబసింగి మంచు చూడడానికి వెళ్తూ ఆగే చోటు మాత్రమే. రాత్రి పదకొండుకు స్నేహితులతో దిగి, నాటుకోడి కూర అడిగి, తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లిపోతారు. వాళ్ల గురించి ఇంతకన్నా రాయను, రాస్తే పండగ పాడవుతుంది.

నేను అడుగుతున్నవి పెద్ద త్యాగాలు కావు. ఇరవై అయిదు మధ్యాహ్నం భోజనం చోడవరంలో వంటవాళ్లకు చెప్పేద్దాం, సంఘం విందుకు చెప్పినప్పుడు తప్పుకానిది ఇంటికి చెబితే తప్పు కాదు. పంచడానికి మాడుగుల హల్వా ఉంది. అది పక్కనే దొరుకుతుంది, ఎవరూ వద్దనరు. అరిసెలు వేస్తే ఇంటి వరకే వేద్దాం, అమ్మమ్మ కుర్చీలో కూర్చుని పాకం చూసి చెప్పాలి, కలియతిప్పేది జిమ్‌కు వెళ్లే మనవలు కావాలి. గిన్నెలు మగపిల్లలు కడగాలి. ఊడ్చే ఆమెకు ఆ వారానికి కూలీ రెట్టింపు ఇవ్వాలి, ఆమెకూ అది పండగే.

మరుగుదొడ్డి పని మాత్రం చర్చకు పెట్టడం లేదు. అమ్మమ్మను నేరుగా అడిగాను, "ఆ కడ్డీ గట్టిదేనా" అని ఒక్క మాటే అడిగింది. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేశాను, పదిహేనో తేదీన పని మొదలవుతుంది. మొత్తం ఖర్చు, ఒక్కొక్క ఇంటి వాటా గ్రూపులో పెట్టాను. ఇప్పటికి పెద్దమావయ్యవాళ్లది, పిన్నివాళ్లది వచ్చాయి. వసారా అందం గురించి బాధపడిన అన్నయ్యా, నీది ఇంకా రాలేదు.