వెతికేవాళ్లు ఏరీ?

భూమ్మీద ఇంకా కనిపెట్టడానికి ఏం మిగిలింది? ఇంటర్ చదివే పిల్లల నుంచి బడ్జెట్లు తయారుచేసే అధికారుల దాకా చాలామంది అడిగే ప్రశ్న ఇది. అడిగే తీరులోనే ఏమీ మిగల్లేదన్న జవాబు వినిపిస్తుంటుంది. దక్షిణ ధ్రువాన్ని 1911లోనే చేరుకున్నారు. ఎవరెస్టు ఎక్కి డెబ్భై ఏళ్లు దాటింది. ఫోన్ తెరిస్తే మన వీధి చివరి వేపచెట్టు కూడా ఉపగ్రహ చిత్రంలో కనిపిస్తుంది. ఇక కొత్తది చూడాలంటే చంద్రుడి మీదికో, అంగారకుడి మీదికో పోవాల్సిందే అనుకుంటున్నాం. ఈ అభిప్రాయం తప్పు. దానివల్ల జరుగుతున్న నష్టం కూడా చిన్నదేమీ కాదు.

దూరం పోనక్కర్లేదు, కడప జిల్లాలో సిద్ధవటం పక్కన ఉన్న లంకమల అడవినే చూద్దాం. కలివికోడి పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. కానీ ఆ పక్షి దొరికిన తీరు గురించి మనం ఆలోచించింది తక్కువ. 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కిన ఈ పక్షికి, సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పేరు పెట్టారు. పెన్నా, గోదావరి లోయల్లో అడపాదడపా కనిపించి, 1900లో అనంతపురం దగ్గర చివరిసారి నమోదైంది. ఆ తర్వాత నిపుణులు వచ్చారు, వెతికారు, వెళ్లారు. అంతరించిపోయిందనే అందరూ తీర్మానించుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ స్థానికుల సాయంతో రెడ్డిపల్లి దగ్గర దీన్ని మళ్లీ లోకానికి చూపించారు. నిజానికి ఆ రాత్రి టార్చిలైటు వెలుగులో పక్షిని ప్రాణాలతో పట్టి తెచ్చింది ఆ ప్రాంతపు వేటగాడు ఒకరు.

కలివికోడి పగలు పొదల్లో నక్కి ఉంటుంది, చీకటి పడ్డాక మేతకు తిరుగుతుంది. రాత్రిళ్లు అడవిలో తిరిగే మనిషికి దాని జాడ తెలుసు. అలాంటి మనిషి దగ్గర కూర్చుని, అడిగి తెలుసుకునే ఓపిక ఉన్న పరిశోధకుడు రావడానికే ఎనభై అయిదేళ్లు పట్టింది. మధ్యలో ఆ పక్షి ఎక్కడికీ పోలేదు.

ఇదే పక్షి విషయంలో ఇంకో విడ్డూరం ఉంది. 2013లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది. డీఎన్ఏ పరీక్ష చేస్తే కలివికోడిదేనని తేలింది. లోకానికి తెలిసిన ఏకైక కలివికోడి గుడ్డు దాదాపు వందేళ్లు మ్యూజియం పెట్టెలో పడి ఉంది, తెరిచి చూసి గుర్తుపట్టినవాళ్లు లేక. మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర విభాగాల్లో దుమ్ము పట్టిన సీసాలు, ఎండిన ఆకుల అట్టలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏముందో ఎవరైనా చూస్తున్నారా?

పక్షి దొరికాక కథ సుఖాంతం కాలేదు. 1988లో అభయారణ్యం ప్రకటించారు. తెలుగు గంగ కాలువ పనులు మాత్రం పక్షి తిరిగే పొదల్లోకే వచ్చాయి. గొడవ సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లి, చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది. రాయలసీమకు నీళ్లు వద్దని ఎవరూ అనరు, మేమూ అనం. తవ్వకానికి ముందే ఆ నేలలో ఏముందో తెలిసి ఉంటే అదనపు ఖర్చూ, కోర్టుల చుట్టూ తిరగడమూ తప్పేవి. ఆ తర్వాత పుష్కరానికి పైగా కలివికోడి జాడ మళ్లీ లేకుండా పోయింది. 2025 ఆగస్టులో దాని కూత రికార్డు చేశామని పక్షి పరిశీలకులు ప్రకటించారు. దొరికిందనుకున్నదాన్నే రెండోసారి వెతుక్కోవాల్సి వచ్చింది.

కలివికోడి ఒక్కటే అయితే వింత అనుకోవచ్చు. గుత్తి పేరు మోసే నీలిరంగు సాలీడు సంగతి చూడండి. 1899లో గుత్తి రైల్వే కలప యార్డు దగ్గర దొరికిన నమూనాతో దాన్ని వర్ణించారు. కలపతోపాటు రైల్లో ఎక్కడి నుంచో వచ్చి ఉంటుందని నిపుణుల ఊహ. ఆ ఎక్కడ అన్నది తేలడానికి నూటరెండేళ్లు పట్టింది. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. ఇక తిరుమల కొండల్లో బంగారు బల్లి మళ్లీ నమోదైంది 1985లో. కోట్లమంది కాలినడకన ఎక్కి దిగిన కొండ అది.

దేశం మొత్తం చూసినా ఇదే తీరు. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కల ప్రకారం 2024లో మన జంతువుల జాబితాలో కొత్తగా చేరినవి 683. వాటిలో 459 శాస్త్రానికే కొత్తవి, మిగతావి మన దేశంలో మొదటిసారి కనిపించినవి. ఒక్క ఏడాదిలోనే ఇన్ని. ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన జీవజాతులు సుమారు ఇరవై లక్షలు. సూక్ష్మజీవుల్ని చాలావరకు పక్కనపెట్టినా మొత్తం 87 లక్షల దాకా ఉండవచ్చని 2011లో వచ్చిన ప్రసిద్ధ అంచనా. ఆ అంకెలో ఎంత తేడా ఉన్నా, తెలిసినదానికంటే తెలియనిదే ఎక్కువ అన్న మాటలో శాస్త్రవేత్తల మధ్య పెద్ద వివాదం లేదు.

సముద్రంలోకి దిగితే పరిస్థితి ఇంకా ఘోరం. సముద్రం అడుగు ఎత్తుపల్లాలను సోనార్‌తో కొలిచి మ్యాపు గీసే అంతర్జాతీయ ప్రయత్నం 2025 నాటికి పూర్తిచేసింది 27 శాతం పైచిలుకు మాత్రమే. అది మ్యాపు. కెమెరాతోనో కళ్లతోనో చూసిన భాగం ఎంతో లెక్కవేస్తే, లోతు సముద్రపు అడుగులో 0.001 శాతం కూడా లేదని అదే ఏడాది వచ్చిన అధ్యయనం చెప్పింది. 1977లో గాలపాగస్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్తలు ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో రెండున్నర కిలోమీటర్ల లోతుకు దిగారు. వేడినీటి ఊటల కోసం వెళ్తే, సూర్యరశ్మి సోకని ఆ చీకట్లో గుంపులు గుంపులుగా బతుకుతున్న జీవాలు ఎదురయ్యాయి. ఆ యాత్రలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. అక్కడ జీవం ఉంటుందని ఎవరూ అనుకోలేదు మరి. ఎండే అన్ని ప్రాణాలకూ ఆధారమని చెప్పే పాఠాన్ని ఆ తర్వాత సవరించుకోవాల్సి వచ్చింది.

మన దేశమూ ఇప్పుడు ఆ లోతుకు దిగాలని చూస్తోంది. 2021లో కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 వాహనాన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేస్తోంది. మంచిదే, స్వాగతిస్తున్నాం. అయితే ఈ మిషన్ లక్ష్యాల్లో అన్వేషణతోపాటు తవ్వకం కూడా ఉంది. మధ్య హిందూ మహాసముద్రంలో 75 వేల చదరపు కిలోమీటర్ల మేర లోహపు ముద్దల కోసం అన్వేషించే హక్కు మనకు ఉంది. ఇలాంటి ముద్దలే ఉన్న పసిఫిక్ ప్రాంతంలో బతికే జాతుల్లో దాదాపు తొంభై శాతానికి ఇంకా శాస్త్రీయ నామమే లేదని 2023లో తేల్చారు. లంకమలలో జరిగిన పొరపాటు సముద్రం అడుగున జరిగితే దారి మార్చడానికి అక్కడ కాలువ లాంటిది ఉండదు. తవ్వినచోట మళ్లీ ఏదైనా బతకడానికి మనుషుల లెక్కలో తరాలు పడుతుంది.

ప్రతిదాన్నీ వెతికి తీరాలన్న పట్టుదలా మంచిది కాదు. భూటాన్‌లో 7,570 మీటర్ల గాంగ్‌ఖర్ పుయెన్సుమ్ శిఖరాన్ని ఇప్పటికీ ఎవరూ ఎక్కలేదు. స్థానికుల విశ్వాసాలను గౌరవించి ఆ దేశం 2003లో పర్వతారోహణనే నిషేధించింది. అండమాన్‌లో సెంటినెలీ ప్రజలు తమ దగ్గరికి రావద్దని ఎప్పుడో చెప్పేశారు, వినాలి. గుత్తి సాలీడు అందమే దానికి శాపమైంది. విదేశాల్లో దాన్ని పెంపుడు జంతువుగా అమ్ముకునే మార్కెట్ ఉంది. అందుకే అరుదైన జీవి ఎక్కడ దొరికిందో కచ్చితంగా బయటపెట్టకపోవడం పరిశోధకులకు అలవాటైంది. ఈ విషయంలో మా మీడియా కూడా ఉత్సాహం తగ్గించుకుంటే మంచిది.

మన చేతుల్లో ఉన్న పని సంగతికి వద్దాం. జీవవైవిధ్య చట్టం 2002 నుంచే ఉంది. ప్రతి పంచాయతీలో కమిటీ వేసి, ఊళ్లోవాళ్లకు తెలిసిన చెట్టూచేమా, పిట్టా పురుగూ వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. రెడ్డిపల్లి వేటగాడి లాంటివాళ్లకు తెలిసింది కాగితం మీదికి రావడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఆచరణలో జరిగింది వేరు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి నెలాఖరు గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలకు నెలకు పది లక్షల చొప్పున జరిమానా అన్నాక దేశవ్యాప్తంగా హడావుడి మొదలైంది. ఏళ్లు పట్టాల్సిన పని నెలల్లో పూర్తయిందనిపించారు. చెంచులు, కొండరెడ్లు, కోయలు, తీరంలో వలలు వేసే మత్స్యకారులు తమ నోటితో చెప్పినవి ఆ రిజిస్టర్లలో ఎన్ని ఉన్నాయో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జీవవైవిధ్య మండళ్లు తనిఖీ చేయించాలి. చెప్పినవాళ్లకు కూలీ ఇవ్వాలి, రాసిన పరిశోధనలో పేరూ ఇవ్వాలి.

చెప్పినదాన్ని శాస్త్రంతో సరిపోల్చి చూడటానికి మనిషి కావాలి. సాలీళ్లను, నాచులను, చిన్న చేపలను చూసి జాతి చెప్పగలిగే టాక్సానమీ నిపుణులు ఏటా తగ్గిపోతున్నారు. బీఎస్సీలో అదొక బట్టీ పట్టే సబ్జెక్టు, ఆ తర్వాత ఉద్యోగం లేని చదువు. పర్యావరణ ప్రభావ నివేదికల్లో జీవజాతుల పట్టికలు ఒకదాన్నుంచి మరొకదానికి కాపీ అవుతున్నాయన్న విమర్శ పాతదే. కాపీ కాకుండా ఆపేది ఒక రుతువైనా ఆ నేల మీద తిరిగి వచ్చే నిపుణుడే. గనికో రిజర్వాయర్‌కో అనుమతి ఇచ్చేముందు కనీసం ఏడాదిపాటు రాత్రీపగలూ సర్వే జరగాలనీ, దాని ఖర్చు ప్రాజెక్టు సొంతదారే భరించినా నిపుణుణ్ని మాత్రం ప్రభుత్వమే నియమించాలనీ మేము కోరుతున్నాం. ఇప్పుడు నివేదిక రాసేవాడికి డబ్బిచ్చేది ప్రాజెక్టు వేసేవాడే.

రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. వాటిలో కొన్నింటిని టాక్సానమీకి, మ్యూజియం నమూనాలు చూసుకునే క్యూరేటర్లకు కేటాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కేంద్రం నిధుల కోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు. ఆర్థిక శాఖ దగ్గర ఆగిన ఫైళ్లు కదిలితే చాలు.