టికెట్ అడగడానికే 10 కోట్లు

నైజీరియాలో 2023 అధ్యక్ష ఎన్నికలకు అధికార పార్టీ ఏపీసీ (ఆల్ ప్రోగ్రెసివ్స్ కాంగ్రెస్) టికెట్ అడగాలంటే ముందు 10 కోట్ల నైరాలు పోసి ఫారాలు కొనాల్సి వచ్చింది. టికెట్ వస్తుందన్న హామీ ఏమీ లేదు, అడగడానికే ఆ ధర. అప్పుడక్కడ కనీస వేతనం నెలకు 30 వేల నైరాలు. ఆ జీతం మొత్తం దాచుకుంటూ పోయినా ఫారాలు చేతికి రావడానికి దాదాపు 278 ఏళ్లు పడుతుంది. ప్రతిపక్ష పీడీపీ (పీపుల్స్ డెమోక్రటిక్ పార్టీ) పెట్టిన 4 కోట్ల ధరా నూరేళ్ల జీతానికి పైమాటే.

2014లో ఇదే ఏపీసీ ఫారం 2.75 కోట్లు. దాన్ని కొనడానికి బ్యాంకులో అప్పు చేశానని ముహమ్మదు బుహారీ స్వయంగా చెప్పారు. ఆయన అధ్యక్షుడిగా ఉండగానే ధర 10 కోట్లకు ఎగబాకింది. పైగా 2022 ఎన్నికల చట్టం అధ్యక్ష అభ్యర్థి ఖర్చు పరిమితిని 100 కోట్ల నుంచి ఏకంగా 500 కోట్లకు పెంచింది!

2018లో ఎకిటి రాష్ట్ర గవర్నర్ ఎన్నికప్పుడు యొరుబా భాషలో ‘దిబో కో సెబె’ అన్న మాట మారుమోగింది. ఓటెయ్, కూర వండుకో అని అర్థం. ఓటుకు నోటు చూసిన తెలుగు పాఠకులకు ఇంతకు మించి చెప్పక్కర్లేదు. పొయ్యి వెలగని ఇంట్లో ఆ నోటు తీసుకున్న మనిషిని తప్పుపట్టడానికి మాకు నోరు రావడం లేదు. అసలు బేరం అంతకు చాలా ముందే, ఫారాల దగ్గరే ముగిసిపోతోంది.

పదవిలో ఉన్నవారు ఓడరని కాదు. 2015లో అప్పుడు అధికారంలో ఉన్న పీడీపీ తరఫున పోటీ చేసిన అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ ఓడారు, ఫోన్ చేసి బుహారీని అభినందించారు. అయితే అప్పటికే ప్రతిపక్షాలు ఒక్కటయ్యాయి, కొందరు పీడీపీ గవర్నర్లూ వాటితో కలిశారు. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. చాలా రాష్ట్రాలు నెలనెలా రాజధాని అబూజా నుంచి వచ్చే కేంద్ర నిధుల వాటా మీదే బతుకుతాయి. 2025లో డెల్టా, అక్వా ఇబోమ్, ఎనుగు గవర్నర్లు పీడీపీని వదిలి ఏపీసీలో చేరిపోయారు. 2023లో పీడీపీ ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఓట్లడిగిన ఇఫియానీ ఒకోవా కూడా వారి బాటే పట్టారు. ఆయన్ను నమ్మి ఓటేసినవారికి ఏం జవాబు చెబుతారు?

2023లో నమోదైన ఓటర్లు 9.3 కోట్లు. పోలింగ్‌కు వచ్చింది సుమారు నాలుగో వంతే. బోలా టినుబు 88 లక్షల ఓట్లతో అధ్యక్షుడయ్యారు. మిగతా కోట్ల మందిని బద్ధకస్తులనడం అన్యాయం. 2027 ఎన్నికలకు ముందే పార్టీల ఫారం ధరకు చట్టంలో హద్దు పెట్టాలి. దాన్ని కనీస వేతనంతో ముడిపెట్టాలి.